పాణి

మర్రిగూడ తోవల రెండు గదుల బడి మాది.
ఐదు తరగతులు, ఇద్దరు సార్లు,
ఒక నల్లా.

శివరాత్రి దాటినంక వచ్చింది రుకుణి,
ఇటుకబట్టీల దిక్కు నుంచి, తమ్ముణ్ని చంకనేసుకొని.
మడిమెల దాకా ఎర్రమట్టి, పండిన గోరింటాకు లెక్క.
రిజిస్టర్ల ఎక్కిచ్చిన:
తండ్రి పేరు ధోబ, ఊరు బలంగీర్ అవతల,
మాతృభాష...
ఆ గడిల అలవాటుగ 'తెలుగు' అని పడ్డది.
నా పెన్నుకు వేరే మాట రాదు.

మూడో దినం, ఎక్కాల నడుమ
వేలు లేపి నిలబడ్డది.
"పాణి" అన్నది.
"ఏం పని?" అన్న నేను.
"పాణి" అన్నది మల్ల.
"పనేం లేదు, కూసో."
పిల్లలు కిసుక్కున నవ్విండ్రు,
పచ్చగార పండ్లన్నీ కనపడేటట్టు.
కూసున్నది.
ఏడో ఎక్కం అయింది, ఎనిమిదోది అయింది,
తొమ్మిదో ఎక్కం సగంల
గోడకు ఒరిగి
మెల్లగ కిందికి జారింది,
ఆరని ఇటుక జారినట్టు.

అప్పుడు లేచిండు దేవ్‌సింగ్.
రెండేండ్ల సంది నా ముందటనే కూసుంటడు,
వాని గొంతు ఎట్లుంటదో నాకు ఎరుక లేదు.
ఒకటో తరగతిల "యాడీ" అని ఏడిస్తే
"అమ్మా అనాలె" అని దిద్దినోణ్ని నేనే.
ఆనాటి సంది గేటు కాడ చెప్పులతోని కలిపి
తండా మాటను గూడ ఇడిచి వస్తడు.
"పని కాదు సార్. నీళ్లు.
మా ఇంట్ల గట్లనే అంటం."
వెనక నుంచి నౌషీన్, చిన్నగ:
"మా ఇంట్ల గూడ, సార్."

గ్లాసు అందిస్తే పట్టుకోలేదు ఆ పిల్ల.
నడుము వంచి దోసిలి పట్టింది.
ఎవరు నేర్పిండ్రో, ఏ ఊర్లనో.

ఆ వంగుడు నేనెరుగుదు.
చండూరు దిక్కు ఒక ఊర్ల, నా ఐదో తరగతిల,
పైనుంచి పోసిన నీళ్లు
మోచేతుల పొంటి కారి
అంగి తడిసేది, గొంతు తడవకపోయేది.
దాహం ఎరిగినోణ్ని,
దాహం మాట నాకే తెల్వకపాయె.

మర్నాడు బోర్డు మీద 'నీళ్లు' అని రాసి
చాక్‌పీసు బల్ల మీద పెట్టిన, ఏమీ అనకుంట.
దేవ్‌సింగ్ వచ్చి రాసిండు: పాణి.
నౌషీన్ వచ్చి దిద్దింది: పానీ.
ణ నా, న నా అని ఇద్దరు కొట్లాడిండ్రు.
రుకుణి దేవ్‌సింగ్ పక్కకు పోయి నిలబడ్డది.
నేను తీర్పు చెప్పలేదు.
బడి మొదటిసారి బడి లెక్క గోల గోల ఉంది.

సుహాస్ మాత్రం కూసునే చూసిండు.
వాని బ్యాగుల నీలం సీసా ఉంటది.
అందరు ముట్టిన గ్లాసుల తాగొద్దని
నాయనమ్మ పెట్టిన ఆన.
ఆమె నడుము కొడవలి లెక్క వంగి ఉంటది.
పాత బోరు నీళ్లు ఆ ఎముకలు వంచిననాడు
ఏ ఇల్లని అడగలేదు, ఏ వాడని అడగలేదు.
ఇది నేను వాళ్లింటికి పోయి చెప్పాలనుకున్న.
గడప దాకా పోయి వచ్చిన.

ఉగాది ఎనక బట్టీ మేస్త్రి
వాళ్లను లారీల ఎక్కించుకొని ఇంకో ఊరికి తోలుకపోయిండు.
రుకుణి పేరు ముందట అన్నీ గైర్హాజరు గీతలే.
మాతృభాష గడిల 'తెలుగు' కొట్టేసి 'ఒడియా' అని రాసిన.
తనిఖీకి వచ్చిన పెద్దసారు
రిజిస్టర్ల కొట్టివేతలేందని గుర్రుమన్నడు.
"తప్పు నాది సార్" అన్న. నిజమే గద.

ఆ శనివారం సుహాస్ నవ్వుకుంట వచ్చిండు.
రాత్రి అన్నం కాడ "పాణి" అని అడిగిండట.
"ఏం పని బిడ్డా, ముందు తిను" అన్నదట నాయనమ్మ.

నీలం సీసా ఇంకా వస్తనే ఉంది, దినాం.
ఆ దినం మాత్రం
మూత తియ్యకుంటనే
నిండుగ ఇంటికి పోయింది.